ప్రార్థన పుస్తకం చివరి పేజీలు

ప్రశ్న: అక్కా, వందనాలు. మాకు పెళ్లయి పన్నెండేళ్లు. ఇద్దరు పిల్లలు. రెండేళ్ల కిందట మా అత్తయ్య జారిపడ్డారు. అప్పటినుంచి ఆవిడకు నడక కష్టమైంది, రాత్రిళ్లు కూడా లేచి చూసుకోవాలి. ఇంటిపని, పిల్లల చదువులు, ఆవిడ మందులు అన్నీ నేనే. మావారు చెడ్డవారు కాదు. తాగరు, చెయ్యెత్తరు, మాట తూలరు. కానీ ఆయనకు ఏదీ కనిపించదు. ఒకసారి ఆరిన బట్టలు మడతపెట్టారు. అవి సరిగ్గా లేవని నేను మళ్లీ విప్పి మడతపెట్టుకున్నాను. ఆ తర్వాత ఆయన వాటి జోలికే రాలేదు. పెళ్లికి ముందునుంచీ చర్చి క్వయర్‌లో పాడేదాన్ని. శనివారం ప్రాక్టీసుకు వెళ్లడం కుదరక మానేశాను. మానేసిన సంగతి ఆయన గమనించారో లేదో కూడా నాకు తెలియదు. మొన్న నా పుట్టినరోజుకు "నీకేం కావాలి?" అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. ఏం కావాలో నాకే తెలియలేదు. "ఏం వద్దులెండి" అన్నాను. ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాను.

ఇంకో సంగతి ఎవరికీ చెప్పలేదు. నా ప్రార్థన నోట్‌బుక్‌లో ముందునుంచి ప్రార్థన అంశాలు రాసుకుంటాను. ఏడాదిగా వెనకనుంచి ఇంకో రాత మొదలైంది. "రాత్రి నాలుగుసార్లు లేచాను. ఎవరూ అడగలేదు." "జ్వరంతోనే అన్నీ చేశాను. ఎవరూ అడగలేదు." ఇలా. గత ఆదివారం మా పాస్టరుగారు ప్రేమ గురించి వాక్యం చెబుతూ "స్వప్రయోజనమును విచారించుకొనదు" అని చదివారు. అది నాకే చెప్పినట్టు గుచ్చుకుంది. నాకోసం ఏదైనా కోరుకుంటే అది స్వార్థమా? నిస్వార్థంగా ప్రేమించడం నాకెందుకు చేతకావడం లేదు?
– ఒక సోదరి

జవాబు: చెల్లీ, వందనాలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ అలసట కనిపించింది. రెండోసారి ఆ నోట్‌బుక్ దగ్గర ఆగిపోయాను. ముందునుంచి ప్రార్థనలు, వెనకనుంచి పద్దులు. రెండూ ఒకే పుస్తకంలో ఒకదానివైపు ఒకటి జరుగుతూ వస్తున్నాయి. ఎప్పుడో ఒకరోజు మధ్య పేజీలో ఎదురుపడతాయి. ఆ రోజు రాకముందే నాకు రాశారు, మంచిపని చేశారు.

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. నాకోసం కోరుకుంటే స్వార్థమా అన్నారు. కాదు. నిద్ర కావాలనుకోవడం, పాడాలనుకోవడం, ఎవరైనా ఒకసారి "ఎలా ఉన్నావు" అని అడిగితే బాగుండునని అనుకోవడం స్వార్థం కాదు. యేసు ప్రయాణంచేత అలసిపోయి యాకోబు బావి దగ్గర కూర్చున్నాడు. ముక్కూ మొహం తెలియని సమరయ స్త్రీని "నాకు దాహమునకిమ్ము" అని అడిగాడు. అలా అడిగినందుకు ఆయన ప్రేమ ఒక పిసరు తగ్గిందని ఎవరైనా అంటారా?

రెండో ప్రశ్న అంత తేలిక కాదు. దానికి నా జవాబు కాస్త చేదుగా ఉండొచ్చు, ఓర్చుకోండి. ప్రేమ, మౌనం మీ ఇంట్లో ఒకే పేరుతో తిరుగుతున్నాయి. నోరెత్తకుండా భరించడమే నిస్వార్థం అనుకున్నారు మీరు. నోరెత్తలేదు సరే, చెయ్యి మాత్రం రాస్తూనే ఉంది.

పాస్టరుగారు చదివింది అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయం, 5వ వచనం. ఆ వచనం చివరిదాకా చదవండి. "స్వప్రయోజనమును విచారించుకొనదు, త్వరగా కోపపడదు, అపకారమును మనస్సులో ఉంచుకొనదు" అని ఉంటుంది. ఈ "మనస్సులో ఉంచుకొనదు" అన్నచోట పౌలు గ్రీకులో వాడిన క్రియ లోగిజొమై. లెక్క కట్టడం, ఖాతాలో రాసుకోవడం అని దానికి అర్థం. వ్యాపారం చేసేవాళ్ల నోట నలిగిన మాట అది. అంటే ప్రేమ చెడును పద్దు రాసుకోదు అంటున్నాడన్నమాట. మీరు ఆ వచనంలో మొదటి ముక్క పాటించాలని పళ్లబిగువున ప్రయత్నించారు. ఆ ప్రయత్నంలో చివరి ముక్క చేజారిపోయింది. ఇందులో మిమ్మల్ని తప్పుపట్టడానికేం లేదు. అడగని అవసరం ఎక్కడికీ పోదు. నోటినుంచి బయటికి దారి దొరక్కపోతే పద్దులోకి పోతుంది. మీకది నోట్‌బుక్. మరొకరికి సాధింపు, ఇంకొకరికి తలనొప్పి, ఇంకొకరికి గిన్నెలు కాస్త గట్టిగా పెట్టడం.

ఈ అధ్యాయాన్ని మనం పెళ్లిళ్లలో చదివి చదివి దాన్నొక పూలదండలా చేశాం. పౌలు దాన్ని పెళ్లికోసం రాయలేదు. క్రీస్తు శకం 55 ప్రాంతంలో, ఒకరిమీద ఒకరు కోర్టుకెక్కుతున్న సంఘానికి రాశాడు. యేసును తలుచుకుంటూ అందరూ కలిసి తినే ప్రభువు బల్ల దగ్గర కూడా ఉన్నవాళ్లు ముందుగా తినేసి, లేనివాళ్లను ఆకలితో కూర్చోబెడుతున్న సంఘం అది. అలాంటివాళ్లలో నోరున్నవాళ్లకు, బలం ఉన్నవాళ్లకు, ముందుగా వచ్చి తినేసేవాళ్లకు మొదట తగలాల్సిన మాట "స్వప్రయోజనమును విచారించుకొనదు" అన్నది. కానీ ప్రతిసారీ జరిగేదేమిటంటే, తగలాల్సినవాళ్లు వెనక బెంచీలో ఆవులిస్తూ ఉంటారు. రాత్రి నాలుగుసార్లు లేచిన మనిషి ముందు వరసలో కూర్చుని ఏడుస్తుంది.

అదే అధ్యాయంలో 3వ వచనం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఆస్తి అంతా బీదలకు పంచిపెట్టినా, శరీరాన్ని కాల్చడానికి అప్పగించినా, ప్రేమ లేకపోతే ప్రయోజనం లేదంటాడు పౌలు. ఆగి ఆలోచించండి. ఒంటినే అప్పగించేంత త్యాగం చేసి కూడా అందులో ప్రేమ లేకపోవచ్చట! అంటే త్యాగం వేరు, ప్రేమ వేరు. త్యాగం భయంతోనూ చేయొచ్చు, మొహమాటంతోనూ చేయొచ్చు, మంచిపేరు కోసమూ చేయొచ్చు. పైకి చూస్తే అన్నీ ఒకలాగే ఉంటాయి. రాత్రి రెండింటికి లేచి అత్తయ్య పక్క సర్దే చెయ్యి ఒకటే. ఆ చేతిని లేపింది ఏమిటన్నది మీకూ దేవుడికీ మాత్రమే తెలుసు.

మీ ఉత్తరం చదువుతుంటే నాకు లూకా 15వ అధ్యాయంలో యేసు చెప్పిన కథలోని పెద్దకొడుకు గుర్తొచ్చాడు. తప్పిపోయి తిరిగొచ్చిన చిన్నవాడి మీద అందరికీ జాలి. ఆ తమ్ముడికి తండ్రి విందు చేశాడని కోపగించుకున్న పెద్దవాణ్ని మాత్రం ఈర్ష్యపరుడని తీసిపారేస్తాం. నాకెందుకో అతనంటే మొదటినుంచీ కొంచెం పక్షపాతం, నేనూ ఇంటికి పెద్దపిల్లనే కాబట్టి కావచ్చు. అతను తండ్రితో ఏమన్నాడో చూడండి. ఇన్నేళ్లనుంచి నిన్ను సేవిస్తున్నాను, నీ ఆజ్ఞ ఎప్పుడూ మీరలేదు, అయినా నా స్నేహితులతో సంతోషపడడానికి నువ్వు నాకెన్నడూ ఒక మేకపిల్లనైనా ఇవ్వలేదు అంటాడు. ఎన్నేళ్లో తెలుసు, ఏం రాలేదో తెలుసు. లెక్క పక్కాగా ఉంది. మీ చివరి పేజీల రాత అచ్చం ఇదే. "అన్నీ చేశాను. ఎవరూ అడగలేదు."

ఆ కథలో ఇంకో సంగతి ఉంది. మేకపిల్ల కావాలని అతను ఎప్పుడైనా అడిగాడా? అడిగినట్టు ఎక్కడా లేదు. తండ్రేమో "నావన్నియు నీవి" అంటున్నాడు. ఇన్నేళ్లూ అతని చేతికి అందేంత దూరంలోనే ఉంది మేకపిల్ల. అతను మాత్రం ఎవరో ఒకరు గమనించి తెచ్చి ఇస్తారని ఎదురుచూస్తూ పొలంలో పనిచేస్తూ ఉండిపోయాడు. అలా ఎదురుచూసే మనిషి మనసు లోపలికే వంగిపోతుంది. జర్మనీ మత సంస్కర్త మార్టిన్ లూథర్ 1515, 1516 సంవత్సరాల్లో రోమా పత్రిక మీద పాఠాలు చెప్పినప్పుడు పాపాన్ని ఇలాగే వర్ణించాడు, మనిషి తనలోకి తానే వంగిపోవడం అని. ఇది విలాసాలు మరిగినవాళ్లకే వచ్చే జబ్బు అనుకుంటాం. ఇతరులకోసం రోజంతా నడుము వంచి పనిచేసేవాళ్ల లోపల కూడా ఈ వంపు రావచ్చు. నాకు వచ్చింది కాబట్టి చెబుతున్నాను.

మా పెళ్లయిన నాలుగో ఏడు నాకు పైచదువుకు సీటు వచ్చింది. ఆయన అప్పుడే కొత్త ఉద్యోగంలో చేరారు. ఆ కాగితం ఆయనకు చూపించకుండా మడిచి, బీరువాలో అడుగు అరలో బట్టల కింద పెట్టేశాను. ఎంత గొప్ప పని చేశానో అనుకుంటూ ఆ రాత్రి మోకరించి ప్రార్థన కూడా చేసుకున్నాను. తొమ్మిదేళ్ల తర్వాత ఒకరోజు తలుపు గడియ ఎవరు వేయలేదన్న దాని మీద గొడవ వచ్చింది. నమ్మండి, తలుపు గడియ! మాటామాటా పెరిగింది. నేను లోపలికి వెళ్లి ఆ కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టాను. "చూడండి, మీకోసం నేనేం వదులుకున్నానో" అన్నాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివారు. తేదీ చూశారు. "ఇది నాకెందుకు చూపించలేదు? ఏదో ఒకటి ఆలోచించేవాళ్లం కదా" అన్నారు. కృతజ్ఞత చూపిస్తారనుకున్నాను. ఆయన ముఖం దెబ్బతిన్నట్టు అయిపోయింది. నేను కానుక అనుకుని దాచింది ఆయనకు అప్పులా కనిపించింది. తను అడగని అప్పు, తనకు తెలియని అప్పు, తొమ్మిదేళ్ల వడ్డీతో.

అప్పటినుంచి నాకు నేను ఒక ప్రశ్న వేసుకుంటాను. ఇది నేను ఇస్తున్నానా, నా దగ్గరనుంచి పోతోందా? యోహాను 10వ అధ్యాయంలో యేసు తన ప్రాణం గురించి "ఎవడును నా ప్రాణము తీసికొనడు, నా అంతట నేనే దాని పెట్టుచున్నాను" అన్నాడు. సిలువ అంతటి త్యాగం గురించి మాట్లాడుతూ కూడా ఆయన ముందు తేల్చిందేమిటి? దాన్ని నా దగ్గరనుంచి ఎవరూ లాక్కోవడం లేదు అని. శిష్యుల పాదాలు కడిగినప్పుడూ అంతే. యోహాను 13లో ఆ సంగతి చెప్పేముందు సువార్తికుడు ఒక వాక్యం రాస్తాడు. తండ్రి తనచేతికి సమస్తం అప్పగించాడనీ, తాను దేవుని దగ్గరనుంచి వచ్చి దేవుని దగ్గరికే వెళ్లబోతున్నాననీ ఎరిగి, భోజనం పంక్తినుంచి లేచి, పైవస్త్రం తీసి తువాలు కట్టుకున్నాడు అని. తానెవరో ఎరిగి లేచాడు. లేవకపోతే ఎవరేమనుకుంటారో అని లేవలేదు. లేస్తేనే తన్ను ప్రేమిస్తారేమో అని లేవలేదు.

మీరు రాత్రి లేచేది ఎందుకో నాకు తెలియదు, చెల్లీ. కొన్ని రాత్రులు నిజంగా ఆవిడ మీద జాలితోనే లేచి ఉంటారు. మరికొన్ని రాత్రులు, లేవకపోతే "కోడలు పట్టించుకోలేదు" అన్న మాట వస్తుందని లేచి ఉంటారు. ఆ రెండో రకం రాత్రులే చివరి పేజీల్లోకి ఎక్కుతాయని నా అనుమానం. ఒకసారి ఆ పేజీలు తీసి చూడండి. మనసారా చేసినవి కూడా అందులో ఉంటాయి, అలసటలో కలిసిపోయి. వాటిమీద ఒక గీత గీయండి. అవి అప్పు కాదు, ఇచ్చేశారు, అయిపోయింది. గీత గీయబుద్ధి కానివి మిగులుతాయి చూడండి, అవే మీరు మీవారితో మాట్లాడాల్సిన విషయాలు. ఆ పుస్తకం మాత్రం ఆయన చేతికి ఇవ్వకండి. నేను ఆ కాగితం తెచ్చి ముందు పెట్టినట్టే అవుతుంది.

మాట్లాడడం ప్రేమకు విరుద్ధం కాదా అని మీకు లోపల పీకుతూ ఉంటుంది, నాకు తెలుసు. "నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను" అన్న ఆజ్ఞను యేసు లేవీయకాండము 19వ అధ్యాయం 18వ వచనం నుంచి తీసుకున్నాడు. దానికి సరిగ్గా ముందున్న 17వ వచనం ఏం చెబుతుందో మనం చూడం. నీ సహోదరుని మీద హృదయంలో పగ పెట్టుకోవద్దు, నీ పొరుగువాణ్ని తప్పక గద్దించు అంటుంది. అంటే తప్పు కనిపిస్తే మనసులో దాచుకుని రగిలిపోవద్దు, మొహం మీదే చెప్పు అని. ఈ రెండూ పక్కపక్క వచనాలు. చెప్పడం అనే మెట్టు ఎక్కాకే ప్రేమ అనే ఆజ్ఞ వస్తుంది. మనం మధ్యలో మెట్టు దాటేసి పైకి గెంతబోతాం, కాలు జారుతుంది.

ఇక్కడ ఒక పక్కమాట. ఈమధ్య చాలామంది ఆ "నిన్నువలె" అన్న మాట పట్టుకుని, ముందు నిన్ను నువ్వు ప్రేమించుకో, మిగిలితే ఇతరులకు పెట్టు అని బోధిస్తున్నారు. ఆ వచనంలో నాకు ఆ అర్థం కనిపించదు. మనిషికి తన బాగు తాను చూసుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు, అది ఉన్నదే అనుకుని, దానితో సమానంగా పక్కవాణ్ని చూడమంటోంది ధర్మశాస్త్రం. నేను మిమ్మల్ని త్యాగం మానేయమని చెప్పడం లేదు. "తన్ను తాను ఉపేక్షించుకొని తన సిలువయెత్తికొని నన్ను వెంబడింపవలెను" అన్న మాట యేసు నోటినుంచి వచ్చిందే, దాన్ని నేను తేలిక చేయలేను. అయితే "నన్ను వెంబడింపవలెను" అన్నాడాయన. ఇంట్లో ఎవరికి ఏ అసౌకర్యం రాకుండా చూడడం, ఎవరి ముఖమూ చిన్నబోకుండా చూడడం ఆయన్ని వెంబడించడంతో సమానం కాదు. ఆయన్ని వెంబడించినవాళ్లు కొన్నిసార్లు ఇంట్లోవాళ్ల ముఖాలు చిన్నబోయేలా కూడా మాట్లాడాల్సి వస్తుంది.

ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయం 4వ వచనంలో పౌలు తూకం ఎలా వేశాడో చూడండి: "మీలో ప్రతివాడును తన సొంతకార్యములను మాత్రమే గాక యితరుల కార్యములను కూడ చూడవలెను." మాత్రమే గాక, కూడ. ఈ రెండు చిన్నమాటలు మీరు పెన్సిలుతో గుండ్రం చుట్టుకోవాలి. మీవారు మొదటి సగంలో ఇరుక్కుపోయారు, మీరు రెండో సగంలో. "ప్రతివాడును" అన్నాడు కాబట్టి ఆయనా మీరూ ఇద్దరూ అందులో ఉన్నారు.

మరి ఎలా అడగాలి? యేసు ఎలా అడిగాడో అలా. గెత్సేమనే తోటలో తన శిష్యుల్లో పేతురునూ జెబెదయి ఇద్దరు కొడుకులనూ వెంటబెట్టుకుని వెళ్లి, నా ప్రాణం మరణమయ్యేంత దుఃఖంలో ఉంది, ఇక్కడ ఉండి నాతో మెలకువగా ఉండండి అన్నాడు. దాచలేదు. "వాళ్లకే తెలియాలి" అని ఊరుకోలేదు. తీరా వచ్చి చూస్తే వాళ్లు నిద్రపోతున్నారు. అప్పుడు "ఒక గడియయైనను నాతోకూడ మేల్కొనియుండలేరా?" అన్నాడు. బాధ బాధలాగే చెప్పాడు. ఆ వెంటనే ఆత్మ సిద్ధమే గాని శరీరం బలహీనం అని వాళ్ల పరిస్థితీ ఒప్పుకున్నాడు. సిలువ మీద ఉండి కూడా తల్లి సంగతి ఒక శిష్యుడికి సూటిగా అప్పగించాడు, "ఇదిగో నీ తల్లి" అని. ఎవరో ఒకరు చూసుకుంటారులే అని వదిలేయలేదు.

కాబట్టి ఇలా చేయండి. పిల్లలు పడుకున్నాక, గొడవ లేని రోజు చూసుకుని, ఆయన పక్కన కూర్చోండి. "మీరు ఏదీ పట్టించుకోరు" అని మొదలుపెట్టకండి. అలా మొదలుపెడితే ఆయన తన లెక్క తను తీస్తారు, ఆయనకూ ఒకటి ఉండే ఉంటుంది. సూటిగా ఇలా అనండి: "పుట్టినరోజుకు ఏం కావాలని అడిగారు కదా. అప్పుడు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. నాకు శనివారం సాయంత్రం రెండు గంటలు కావాలి. క్వయర్ ప్రాక్టీసుకు వెళ్తాను. ఆ రెండు గంటలు అత్తయ్యనూ పిల్లలనూ మీరు చూసుకోవాలి." అంతే. దానికి కారణాలు వరసపెట్టి చెప్పుకోకండి. చిన్నదైనా ఖచ్చితంగా, ఏ రోజు, ఏ టైము అన్నది చెప్పి అడగండి. "కాస్త సాయం చేయండి" అంటే ఏ మగవాడికీ ఏమీ అర్థం కాదు. నేను అనుభవంతో చెబుతున్నాను, మా ఇంటాయన నన్ను క్షమించాలి.

రాత్రుళ్ల సంగతి రెండో విడతలో ఎత్తండి. వారంలో మూడు రాత్రులు ఆయన లేవాలి. ఆవిడ ఆయన తల్లి. ఈ మాట కటువుగా ఉందనుకుంటే మార్కు సువార్త 7వ అధ్యాయం చదవండి. తల్లిదండ్రులకు చెందాల్సినదాన్ని "కొర్బాను", అంటే దేవార్పితం, అని చెప్పి తప్పించుకునే కొడుకుల ఆచారాన్ని యేసు ఎంత గట్టిగా దుయ్యబట్టాడో అందులో ఉంది. దేవుడి పేరు చెప్పి తప్పించుకోవడమే ఒప్పుకోనప్పుడు, "మా ఆవిడ చూసుకుంటుందిలే" అని తప్పించుకోవడాన్ని ఆయన మెచ్చుకుంటాడా? తల్లిని సన్మానించమన్న ఆజ్ఞలో కోడలి వంతు లేదని కాదు, కానీ కొడుకు వంతు కోడలికి బదిలీ కాదు.

ఇప్పుడు బట్టల సంగతికి వద్దాం. మీరు దాన్ని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు, నేను వదలను. ఆయన మడతపెట్టారు, మీరు విప్పారు. ఆ నిమిషంలో ఆయన చెయ్యి ఆగిపోయింది. నాకు అక్కడ పేతురు కనిపించాడు. యేసు పాదాలు కడగబోతే, నువ్వు ఎన్నడూ నా పాదాలు కడగరాదు అన్నాడతను. వినడానికి ఎంత వినయంగా ఉంది! యేసుకు మాత్రం ఆ వినయం నచ్చలేదు. "నేను నిన్ను కడుగనియెడల నాతో నీకు పాలు లేదు" అన్నాడు. పుచ్చుకోవడం రానివాడికి తనలో పాలు, అంటే వంతు, లేదట. ఎప్పుడూ ఇచ్చే స్థానంలోనే ఉండాలనుకోవడంలో కూడా ఒక పైచెయ్యి ఉంటుంది, అది మనకు కనబడదు. ఎదుటివాళ్లకు బాగా కనబడుతుంది. ఇల్లు నా చేతిమీదే నడుస్తోంది అన్న బాధలోనే, నా చెయ్యి లేకపోతే నడవదు అన్న చిన్న తృప్తి కూడా దాక్కుని ఉంటుంది. నా విషయంలో అయితే ఉండేది. మీ విషయంలో ఉందో లేదో మీరే చూసుకోండి, నేను పట్టుబట్టను.

కాబట్టి ఆయన చేసేది వంకరగా ఉంటే వంకరగానే ఉండనివ్వండి. చొక్కా చేతులు బయటికి వేలాడుతూ మడతపెట్టి బీరువాలో పెడతారు. తలుపు తీసినప్పుడల్లా అవి కనబడి మీ చెయ్యి దురదపెడుతుంది. ముట్టుకోకండి. అత్తయ్య మాత్ర ఇచ్చే టైము, ఏది భోజనానికి ముందు, ఏది తర్వాత, ఇవి మాత్రం కాగితం మీద రాసి ఇవ్వండి, ఎందుకంటే అక్కడ తప్పు జరిగితే ప్రమాదం. మిగతావాటికి ప్రమాదం లేదు, ముడతలే.

ఆయన వెంటనే మారిపోతారని నేను మాట ఇవ్వలేను. మొదటి శనివారం మరచిపోవచ్చు. మరచిపోతే "నాకు తెలుసు ఇలాగే అవుతుందని" అని లోపలికి వెళ్లి నోట్‌బుక్ తీయకండి. "ఈరోజు శనివారం, నేను బయల్దేరుతున్నాను" అని చెప్పి చెప్పులేసుకోండి. రెండు మూడుసార్లు చెప్పినా ఆయన వినకపోతే, మత్తయి 18వ అధ్యాయంలో చెప్పిన వరస ఉండనే ఉంది. ముందు ఒంటరిగా చెప్పాలి, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని చెప్పాలి. మీ ఇద్దరూ గౌరవించే పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లను కూర్చోబెట్టండి. మీ పాస్టరుగారికి వీలైతే నా తరఫున ఒక మనవి చేయండి. ఎఫెసీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయం చదివేటప్పుడు భార్యలారా అన్న 22వ వచనంతో మొదలుపెట్టకుండా, "క్రీస్తునందలి భయముతో ఒకనికొకడు లోబడియుండుడి" అన్న 21వ వచనంతో మొదలుపెట్టమనండి. క్రీస్తు సంఘం కోసం తన్ను తాను అప్పగించుకున్నట్టు ప్రేమించమన్న మాట ఆ అధ్యాయంలో భర్తలకే చెప్పాడు పౌలు. ఆ ఆదివారం మీవారిని ముందు వరసలో కూర్చోబెట్టండి.

ఇదంతా మీవారు చెయ్యెత్తరు, మాట తూలరు అని మీరు రాశారు కాబట్టి రాశాను. ఈ పేజీ చదివే ఏ సోదరి ఇంట్లోనైనా కొట్టడం, బెదిరించడం, బయటికి వెళ్లనివ్వకపోవడం ఉంటే, ఈ సలహా వాళ్లకు కాదు. వాళ్లు కూర్చుని మాట్లాడాల్సిన పని లేదు. ముందు క్షేమంగా ఉండే చోటికి వెళ్లాలి, నమ్మకమైన మనిషికి చెప్పాలి, పోలీసుల సాయం తీసుకోవాలి. దెబ్బలు తింటూ ఉండిపోవడాన్ని ప్రేమ అని వాక్యం ఎక్కడా అనలేదు. నజరేతులో జనం తనను కొండ కొమ్మునుంచి పడదోయబోతే యేసు వాళ్ల మధ్యనుంచి దాటి తన దారిన వెళ్లిపోయాడు. "ప్రేమలో భయముండదు" అని యోహాను రాసింది ఇంట్లో భయంతో బతికేవాళ్లు కూడా చదువుకోవాలి.

ఇక మీ నోట్‌బుక్ గురించి చివరిగా. లోగిజొమై అన్న ఆ లెక్కల మాట పౌలు ఇంకోచోట కూడా వాడాడు. రోమీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయంలో, అబ్రాహాము దేవుని నమ్మాడు, "అది అతనికి నీతిగా ఎంచబడెను" అన్నచోట. ఆ "ఎంచబడెను" అదే మాట. దేవుడు కూడా ఖాతా రాస్తాడన్నమాట, కానీ సంపాదించనిది జమ రాస్తాడు. మీరు రాత్రి నాలుగుసార్లు లేచింది ఆయన చూశాడు. ఎవరూ అడగలేదని రాసుకున్న ప్రతి రోజూ ఆయన ముందుంది. కాబట్టి ఆ లెక్క పోతుందేమో, నేను పడిందంతా ఎవరికీ తెలియకుండా పోతుందేమో అన్న భయంతో మీరే కాపలా కాయనక్కర్లేదు. పేజీలు చింపేయమని చెప్పను. గీత గీసినవి గీయండి, మాట్లాడాల్సినవి మాట్లాడండి, మిగిలినవాటిని పుస్తకం ముందువైపుకు మార్చుకుని ప్రార్థన అంశాలుగా రాసుకోండి. "నాలుగుసార్లు లేచాను, ఎవరూ అడగలేదు" అన్నదాన్నే "ప్రభువా, నాలుగుసార్లు లేచాను, నాకు చాలా అలసటగా ఉంది" అని రాస్తే అది కీర్తనల గ్రంథంలో ఇమిడిపోయే మాటే. అందులో చాలా కీర్తనలు ఇలాంటి ఫిర్యాదులే కదా.

నెల తర్వాత మళ్లీ రాయండి. క్వయర్‌లో ఏ పాట ప్రాక్టీసు చేస్తున్నారో రాయండి. బీరువాలో చొక్కాల చేతులు ఇంకా వేలాడుతున్నాయో లేదో కూడా.

మీ అక్క